దీవులకు చుట్టపుచూపుగా వచ్చేవారికి



మంగళవారమో, ఆదివారమో ఒకసారి మోపిదేవి వచ్చి చూడండి. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి ముందు కాలు పెట్టే సందుండదు. చంటిపిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించేవారు కొందరు. చెవులు కుట్టించేవారు కొందరు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండలేదని మొక్కుకోవడానికి వచ్చినవారు కొందరు. పుట్టలో పాలు పోయడానికి చేత చెంబు పట్టుకుని నిలబడ్డవారు ఇంకెందరో. విజయవాడ, గుంటూరు, ఏలూరు, ఇటు బందరు, గుడివాడ, అన్ని వైపుల నుంచీ కార్లు, ఆటోలు, బస్సులు వస్తాయి.

ఇంతమందిలో చెప్పులేసుకుని గర్భగుడి దాకా వెళ్ళేవారు ఒక్కరైనా ఉంటారా? ఉండరు. చిన్నపిల్లాడు పరధ్యానంగా వెళ్ళబోతే పక్కనున్న పెద్దావిడ, "చెప్పులు, నాన్నా, చెప్పులు" అంటుంది. ఆ పిల్లాడు ఎవరో, ఆవిడ ఎవరో. అయినా అంటుంది. చెప్పులు విడవడానికి ఒక చోటుంది. పాలు ఎక్కడ పోయాలో పూజారిగారు చూపిస్తారు. తలనీలాలు ఎక్కడ ఇవ్వాలో చెప్పేవారున్నారు. కొత్తగా వచ్చినవారికి కూడా రెండు నిమిషాల్లో పద్ధతి తెలిసిపోతుంది.

ఇప్పుడు వారిలో ఒక కుటుంబం వెంట వెళ్దాం. దర్శనం అయింది. "ఎలాగూ ఇంత దూరం వచ్చాం, హంసలదీవి కూడా చూసి పోదాం" అనుకున్నారు. అవనిగడ్డ, కోడూరు మీదుగా గంట ప్రయాణం. వేణుగోపాలస్వామికి దణ్ణం పెట్టుకున్నారు. అక్కణ్ణుంచి పాలకాయతిప్ప. ఎదురుగా సముద్రం. పక్కన కృష్ణమ్మ సాగరంలో కలిసే సంగమం. పిల్లలు పరుగులు తీశారు. పెద్దలు దుప్పటి పరిచారు. పులిహోర పొట్లాలు విప్పారు. సాయంత్రం దుప్పటి దులిపి లేచి వెళ్ళిపోయారు. పొట్లాల కాగితాలు, నీళ్ళ సీసాలు, సగం తిన్న పులిహోర అక్కడే ఉండిపోయాయి.

పొద్దున గుడిలో అంత పద్ధతిగా ఉన్నవారే, సాయంత్రానికి ఇలా చేశారు. వాళ్ళు చెడ్డవాళ్ళా? కానే కాదు. గుడి దగ్గర వాళ్ళకు ఎదురొచ్చి చెప్పేవారున్నారు. ఇసుక దగ్గర ఎవరూ లేరు. అంతే తేడా.

ఈ పూట నేను మీతో చెప్పదలచుకున్న మాట ఇదే. వచ్చినవారి నడవడి ఎదురొచ్చినవారి చేతిలో ఉంటుంది. చుట్టం మన ఇంటికొస్తే గుమ్మంలో ఎదురెళ్ళి, కాళ్ళకు నీళ్ళిచ్చి, "ఇలా కూర్చోండి" అంటాం కదా. దివిసీమ దీవులకొచ్చే చుట్టాలకు అలా ఎదురెళ్ళేవారు కావాలి. పర్యావరణానికి చేటు చేయని పర్యాటకం అంటే నా లెక్కలో మొదటి మెట్టు అదే.

కొంచెం మన సీమ రూపం గుర్తు చేసుకుందాం. దూరాన ఉండి వింటున్నవారి కోసం చెబుతున్నాను. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ ఎన్నో ఊళ్ళు తిరిగి, విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ దాటి, పులిగడ్డ దగ్గరికొచ్చేసరికి రెండుగా చీలుతుంది. ఆ రెండు పాయల నడుమ, సముద్రానికి ఆనుకుని ఉన్న నేలే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అన్నీ ఆ నేల మీదివే. అంటే దివిసీమే ఒక దీవి. ఆ దీవికి చివర మళ్ళీ చిన్న చిన్న దీవులు. నాగాయలంక దాటి ఏటిమొగ రేవుకు వెళ్తే అవతల ఎదురుమొండి. ఇంకా కిందికి నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ. వాటి మధ్య ఉప్పునీటి పాయలు. పాయలకు రెండు గట్లా మడ అడవులు. ఆ అడవులతో కలిపి కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం సుమారు 195 చదరపు కిలోమీటర్లు ఉంటుంది.

మడ అడవిని చూడనివారికి ఒక్క ముక్క చెబుతాను. మామూలు చెట్టు వేళ్ళు నేలలోకి దిగుతాయి. మడచెట్టు వేళ్ళు కొన్ని బురదలోంచి పైకి లేస్తాయి. గాలి పీల్చుకోవడానికి. ఎందుకంటే రోజుకు రెండుసార్లు పోటు వచ్చి ఆ నేలను నీళ్ళతో ముంచేస్తుంది. బురదలో గాలి ఉండదు. అందుకని చెట్టు వేరును పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. పాటు తీసినప్పుడు చూస్తే బురద నిండా నిటారుగా నిలబడ్డ ఆ వేళ్ళే. వాటి సందుల్లో రొయ్య పిల్లలు, చేప పిల్లలు, పీతలు పెరుగుతాయి. రాత్రి పూట బావురుపిల్లి వస్తుంది. నీటిపిల్లి అని కూడా అంటాం. నీళ్ళలో దిగి చేపలు పట్టే పిల్లి అది. దేశంలో చాలా చోట్ల కనుమరుగవుతోంది. మన మడల్లో ఇంకా ఉంది. నీటికుక్కలూ ఉన్నాయి.

ఈ అడవి విలువ దివిసీమవారికి ఎవరూ చెప్పక్కర్లేదు. 1977 నవంబర్ 19. ఆ తేదీ చెబితే చాలు, ఇక్కడ పెద్దవాళ్ళ గొంతు మారిపోతుంది. ఆ రోజు ఉప్పెన వేల మందిని తీసుకుపోయింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, నాలి లాంటి ఊళ్ళలో ఇంటికొకరు మిగిలితే గొప్ప అన్నట్టయింది. సముద్రానికీ ఊరికీ మధ్య దట్టంగా మడ ఉంటే నీటి ఊపు కొంత విరుగుతుందని అప్పటినుంచీ ఈ తీరం అంతటా తెలుసు. ఆ తర్వాత మడ మొక్కలు నాటారు. ఉప్పునీరు ఆడేలా కాలువలు తీశారు. ఊళ్ళవాళ్ళు కమిటీలుగా ఏర్పడి కాపాడారు. అంటే మీరు సరదాగా పడవలో చూడటానికి వచ్చే ఆ పచ్చదనం ఇక్కడి ఇళ్ళకు ప్రహరీ గోడ. ఇది గుర్తుంటే చాలు, కొమ్మ విరవడానికి చెయ్యి రాదు.

ఇప్పుడు ఒక సంగతి చెబుతాను. కాస్త నిదానంగా వినండి. ఇందాక ఇసుక మీద వదిలేసిన పులిహోర గుర్తుంది కదా. ఆ పులిహోర కథ.

జనవరి నుంచి ఏప్రిల్ వరకు, రాత్రిపూట, సముద్రపు తాబేళ్ళు ఈ తీరానికి వస్తాయి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు అంటారు వాటిని. ఎక్కడెక్కడో సముద్రంలో తిరిగి, తాము పుట్టిన తీరాల వైపే గుడ్లు పెట్టడానికి తిరిగొస్తాయి. తల్లి తాబేలు అలల్లోంచి బయటికొస్తుంది. నీళ్ళలో ఎంత చురుకో, ఇసుక మీద అంత కష్టం దానికి. ఒళ్ళంతా ఈడ్చుకుంటూ పైకి వస్తుంది. పోటు నీళ్ళు తగలని చోటు చూసుకుంటుంది. వెనక కాళ్ళతో ఇసుక తోడుతుంది. మూరెడు లోతు గుంట. అందులో సుమారు వంద గుడ్లు పెడుతుంది. తిరిగి ఇసుక కప్పుతుంది. ఒంటితో తట్టి చదును చేస్తుంది. మళ్ళీ ఈడ్చుకుంటూ సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఇక ఆ పిల్లల మొహం అది చూడదు.

గుడ్లు పొదగడానికి ఇసుక వేడే ఆధారం. దాదాపు యాభై రోజులు పడుతుంది. ఆ యాభై రోజులూ ఆ గుంటకు కాపలా ఎవరు? ఎవరూ లేరు. ఇసుకే కాపలా.

ఇప్పుడు పులిహోర దగ్గరికి రండి. మనం వదిలేసిన తిండి వాసనకు ఊరకుక్కలు వస్తాయి. ఒకరోజు తింటాయి. మరునాడూ దొరుకుతుంది, వచ్చే ఆదివారం ఇంకా ఎక్కువ దొరుకుతుంది. ఇక ఊరికి పోవు. తీరం మీదే ఉండిపోతాయి. మడల్లోంచి నక్కలు కూడా అటు వస్తాయి. సోమవారం జనం రారు. తిండి ఉండదు. కుక్కకు ముక్కుంది. ఇసుక కింద గుడ్లున్నాయని దానికి తెలుసు. తోడుతుంది. వంద గుడ్లు, ఒక్క రాత్రిలో అయిపోతాయి.

మనం తాబేలు గుడ్డును ముట్టుకోలేదు. తాబేలును చూడను కూడా లేదు. కానీ మనం వదిలిన అన్నం ఆ గుడ్ల మీదికి కుక్కను పంపింది. మళ్ళీ చెబుతున్నాను, మనం వదిలిన అన్నం గుడ్ల మీదికి కుక్కను పంపింది. ప్లాస్టిక్ గురించి అందరూ చెబుతారు. అన్నం గురించి ఎవరూ చెప్పరు. "అన్నమే కదా, మట్టిలో కలిసిపోతుంది, ఏ పక్షో తింటుంది" అనుకుంటాం. తీరం మీద అలా జరగదు. తిండి మిగిలితే డబ్బాలో పెట్టుకుని వెనక్కి తీసుకెళ్ళండి. ఆ ఒక్క పని చేస్తే చాలా కాపాడినట్టే.

మిగతావి త్వరగా చెబుతాను. ఇసుక మీదికి కారు, జీపు, బైకు తోలొద్దు. చక్రం కింద ఇసుక గట్టిపడితే పిల్ల పైకి రాలేదు. చీకటి పడ్డాక లైట్లు వేయొద్దు. గుడ్లలోంచి బయటికొచ్చిన బుజ్జి తాబేలు వెలుగున్న వైపే సముద్రం అనుకుని నడుస్తుంది. చుక్కల వెలుగు నీళ్ళ మీద మెరుస్తుంటుంది కదా, అదే దానికి దారి. మనం వెనక నుంచి కారు లైటు వేస్తే అటు తిరుగుతుంది. తెల్లారేసరికి ఎండిపోతుంది. సీసా గాజు పగలగొట్టొద్దు. తెల్లవారుజామున వలలు లాగేవారు ఉత్తకాళ్ళతో ఆ ఇసుక మీదే నడుస్తారు.

అటవీశాఖవారు ఈ తీరంలో చాలా గూళ్ళలోంచి గుడ్లు తెచ్చి, కంచె వేసిన హేచరీల్లో మళ్ళీ ఇసుకలో పూడ్చి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతున్నారు. రాత్రంతా లాంతరు లేకుండా తీరం వెంట నడిచి గూళ్ళు వెతికేది మత్స్యకార కుటుంబాల కుర్రాళ్ళే. తాబేలు నడిచిన జాడ వాళ్ళ కంటికి ఇట్టే దొరుకుతుంది. ఇక్కడే నాకు ఒకటి అనిపిస్తుంది. ఇంత తెలిసిన కుర్రాడు, పగటిపూట హంసలదీవికి వచ్చిన జనానికి ఎదురొచ్చి నాలుగు మాటలు చెబితే ఎలా ఉంటుంది? బోర్డు మీద "చెత్త వేయరాదు" అని రాస్తే ఎవరూ చదవరు. చదివినా పట్టించుకోరు. అదే ఆ కుర్రాడు వచ్చి, "అమ్మా, నిన్న రాత్రి ఇక్కడ తాబేలు గుడ్లు పెట్టింది, ఇదిగో జాడ" అంటే? ఆ తల్లి తన పిల్లల్ని పిలిచి చూపిస్తుంది. ఆ పిల్లలు జన్మలో ఆ ఇసుక మీద కాగితం వేయరు.

ఇది ఊహ అనుకోకండి. మన రాష్ట్రంలోనే జరుగుతోంది. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో కోరంగి ఉంది. అక్కడి మడ అడవిని 1978లో అభయారణ్యం చేశారు. ఆ మడల మధ్యగా చెక్కవంతెన వేశారు. బురదలో కాలు పెట్టకుండా, ఒక్క మొక్కనైనా తొక్కకుండా, అడవి నడుమ నడిచి వెళ్ళొచ్చు. చుట్టుపక్కల ఊళ్ళ మత్స్యకారులే కమిటీగా ఏర్పడి చూసుకుంటారు. టికెట్టు ఇచ్చేదీ వాళ్ళే, పడవ నడిపేదీ వాళ్ళే. ఒకప్పుడు వంటచెరకు కోసం ఆ చెట్లే కొట్టుకునేవారు. ఇప్పుడు ఆ చెట్లు నిలబడి ఉంటేనే వాళ్ళకు నాలుగు డబ్బులు. మీరు చెట్టు మీద పేరు చెక్కబోతే కాపలాదారు కంటే ముందు వాళ్ళే వచ్చి ఆపుతారు.

ఇంకాస్త పైకి, ఒడిశాలో గంజాం తీరానికి వెళ్దాం. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లీలు వేలకు వేలు ఒక్కసారే వచ్చి గుడ్లు పెడతాయి. ఆ తీరంలో చేపలు పట్టే నోలియాల్లో ఎంతోమంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. మనవాళ్ళే. అక్కడ ఊరి కుర్రాళ్ళు సంఘంగా ఏర్పడి గుడ్లకు కాపలా కాస్తారు. చూడటానికొచ్చిన వారిని ఎంత దూరంలో నిలబడాలో, ఎప్పుడు కదలకుండా ఉండాలో చెప్పి నడిపిస్తారు. పర్యాటకులు ఆ మాట వింటారు. ఎందుకు వింటారు? చెప్పేవాడికి ఆ సంగతి తెలుసని, అతనికి ఆ తీరం మీద మమకారం ఉందని వాళ్ళకు కనబడుతుంది గనక.

అందుకే ఆ మాట మళ్ళీ అంటున్నాను. వచ్చినవారి నడవడి ఎదురొచ్చినవారి చేతిలో ఉంటుంది.

మరి మన నాగాయలంక దగ్గర, సొర్లగొంది దగ్గర పాయల్లోకి ఒక మంచి పడవ ప్రయాణం ఎలా ఉండాలి? రేవులో పడవ ఆగి ఉంది. చిన్న పడవే. పదిమంది ఎక్కితే నిండుతుంది. పదకొండో మనిషి వస్తే సరంగు ఎక్కించుకోకూడదు. "ఒక్కడే కదండీ, సర్దుకుంటాం" అంటాం మనం. "లేదు బాబూ, తరవాత పడవలో రండి" అనాలి అతను. ముందు లైఫ్ జాకెట్. పిల్లలకు పిల్లల కొలత జాకెట్. కట్టుకునేదాకా పడవ కదలకూడదు. తరవాత అందరి సంచుల్లో ఎన్ని సీసాలున్నాయో లెక్క రాసుకోవాలి. తిరిగొచ్చాక మళ్ళీ లెక్క చూడాలి.

ఈ లెక్క మనకు కొత్తేమీ కాదు. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు ఆపేశారు. గాజుసీసాలో నీళ్ళు కొంటాం. సీసాకని అదనంగా డబ్బు కడతాం. ఖాళీ సీసా తిరిగిస్తే ఆ డబ్బు చేతికొస్తుంది. ఎవరైనా విసుక్కున్నారా? మొదట నాలుగు రోజులు విసుక్కుని ఉంటారు. ఇప్పుడు అదే అలవాటు. కొండ మీద చెల్లిన పద్ధతి రేవులో ఎందుకు చెల్లదు?

పడవ కదిలింది. పెద్ద పాయలో మోటారు మీద వెళ్ళింది. సన్నటి పాయలోకి తిరగగానే సరంగు మోటారు ఆపేశాడు. గెడ వేసి నెమ్మదిగా తోస్తున్నాడు. ఒక్కసారి చప్పుడంతా ఆగిపోయింది. అప్పుడు వినబడుతుంది అడవి. బురదలో పీతల చిటపటలు, చేప ఎగిరిపడ్డ చప్పుడు, లకుముకి పిట్ట కూత. సెల్‌ఫోనులో పాట పెట్టుకున్న కుర్రాడు తనంతట తనే కట్టేస్తాడు. ఎవరూ చెప్పక్కర్లేదు. మోటారు ఆగితే మనిషి కూడా గొంతు తగ్గిస్తాడు. నిశ్శబ్దంగా ఉండండని గంటసేపు ఉపన్యాసం ఇచ్చినా రాని ఫలితం ఆ ఒక్క పనితో వస్తుంది.

అక్కడొక చెట్టు కొమ్మ పడవ మీదికి వంగింది. ఎవరో చెయ్యి చాచారు. "అమ్మా, అది తిల్లచెట్టు. పాలు కంట్లో పడితే కళ్ళు మండిపోతాయి, చూపు పోయినంత పనవుతుంది" అన్నాడు సరంగు. చెయ్యి వెనక్కి వెళ్ళింది. తరవాత ఏది నల్లమడో, ఏది తెల్లమడో వాళ్ళే అడగడం మొదలుపెట్టారు. అడిగి తెలుసుకున్నవారు పాడుచేయరు. ఈ పాయల్లో తరతరాలుగా పీతలు పడుతున్న యానాది కుటుంబాలున్నాయి. ఏ గట్టున ఏ పక్షి వాలుతుందో, ఏ బురదలో కాలు దిగబడుతుందో వాళ్ళకు తెలిసినంతగా ఏ పుస్తకంలోనూ లేదు. ఆ చదువుకు కూలి కట్టడం మనం ఇంకా నేర్చుకోలేదు. గైడు ఉద్యోగాలు వస్తే మొదటి పిలుపు వాళ్ళకే వెళ్ళాలని నా గట్టి నమ్మకం.

లైఫ్ జాకెట్ గురించి ఎందుకంత పట్టు పడుతున్నానో మీకు తెలుసు. 2017 నవంబర్ 12, కార్తీకమాసం, ఆదివారం. ఇదే కృష్ణమ్మ మీద, ఇబ్రహీంపట్నం దగ్గర, పవిత్రసంగమానికి వెళ్తున్న పడవ బోల్తా పడింది. ఇరవై మందికి పైగా పోయారు. పరిమితికి మించి జనం. ఒంటి మీద జాకెట్లు లేవు. పడవకు అనుమతే లేదు. ఆ కుటుంబాల్లో ఇప్పటికీ కార్తీకమాసం వస్తే దీపం కంటే ముందు కన్నీళ్ళు వస్తాయి. కాబట్టి అనుమతి ఉన్న పడవే ఎక్కండి. జాకెట్ ఇవ్వని పడవ దిగిపోండి. "ఎందుకండీ అంత భయం" అని ఎవరైనా అంటే అననివ్వండి. అడవికి చేటు చేయకపోవడం ఎంత బాధ్యతో, ప్రాణాలతో ఇంటికి చేరడం కూడా అంతే బాధ్యత. హంసలదీవి సంగమం దగ్గర నీటి లోతు, ఊపు చూడ్డానికి తెలియవు. మెరైన్ పోలీసులు వద్దన్న చోట దిగకండి.

ప్రపంచంలో మిగతా దీవులవాళ్ళు ఏం చేస్తున్నారో రెండు ముక్కలు. పసిఫిక్ మహాసముద్రంలో పలావు అనే చిన్న దేశం ఉంది. 2017 డిసెంబరు నుంచి అక్కడికి వెళ్ళే ప్రతి పర్యాటకుడి పాస్‌పోర్టులో ఒక ప్రతిజ్ఞ ముద్ర వేస్తున్నారు. ఈ దీవిని పాడుచేయనని, ఈ నేల పిల్లలకు మాట ఇస్తున్నానని దాని సారాంశం. దాన్ని రాయడంలో అక్కడి పిల్లలే సాయం చేశారు. సంతకం పెడితేనే లోపలికి. ఆలోచించండి, ఎవరికి మాట ఇస్తున్నారు? అధికారికి కాదు, పసిపిల్లలకు. థాయిలాండ్‌లో మాయా బే అనే చోటు ఉంది. ఒక సినిమాతో పేరొచ్చి, రోజుకు వేలకొద్దీ జనం వచ్చి పడ్డారు. పడవల లంగర్లకు పగడపు దిబ్బలు పిండయ్యాయి. 2018లో మూసేశారు. మూడేళ్ళకు పైగా మూసి ఉంచి, 2022 జనవరిలో తెరిచారు. ఇప్పుడు పడవలు ఆ పక్క నుంచి రావు. దీవి వెనక దిగి నడిచి రావాలి. ఒకసారికి ఎంతమంది అన్నదానికి హద్దు ఉంది. మూసిన కాలంలో చిన్న సొరచేపలు తిరిగి ఆ నీళ్ళలోకి వచ్చాయి.

మన దీవులను మూసేసే దాకా తెచ్చుకోకుండా ఉండాలంటే ఇప్పుడే పద్ధతి పెట్టుకోవాలి. జనం ఇంకా కొద్దిగా వస్తున్నప్పుడే పద్ధతి పెట్టడం తేలిక. అలవాటు ముదిరాక మార్చడం కష్టం.

ఇంకొక్క సంగతి.  ఎదురుమొండిలో మనుషులున్నారు. బడికెళ్ళే పిల్లలున్నారు. పురిటి నొప్పులొస్తే రేవు దాటాల్సిన ఆడవాళ్ళున్నారు. వాళ్ళు ఇవతలి ఒడ్డుకు రావాలంటే పంటే దిక్కు. వారధి కోసం ఏళ్ళుగా అడుగుతున్నారు. అలాంటి చోట సెలవురోజున మన కార్లు నాలుగు పంటు మీదికి ఎక్కితే, వాళ్ళ మోటారు సైకిలు, వాళ్ళ చేపల బుట్ట, ఒక్కోసారి వాళ్ళ రోగి ఒడ్డున ఆగిపోవాలి. కాబట్టి కారు ఇవతలి ఒడ్డునే ఆపండి. మనుషులు మాత్రం దాటండి. అవతల నడవండి, లేదా అక్కడి ఆటో మాట్లాడుకోండి. ఆ డబ్బు ఆ దీవిలోనే ఉంటుంది. మధ్యాహ్నం భోజనం కూడా అంతే. విజయవాడ నుంచి పొట్లాలు మోసుకురావడం ఎందుకు? ముందు రోజు ఫోను చేసి చెబితే, అక్కడి అక్కలు అన్నం, చేపల పులుసు, పీతల ఇగురు వండి పెడతారు. విస్తట్లో తింటారు. చెత్తా ఉండదు. మీకు రుచి, వాళ్ళకు కూలి.

ఫొటోలు తీసుకునే ముందు అడగండి. వల అల్లుకుంటున్న పెద్దాయనను, గుడిసె ముందు స్నానం చేయిస్తున్న పసివాణ్ణి అడక్కుండా తీయొద్దు. "బాబాయ్, ఒక ఫొటో తీసుకోమంటారా?" అంటే ఆయన నవ్వి తలపాగా సర్దుకుంటారు. ఆ మర్యాద వాళ్ళకూ కావాలి.

అధికారులకు ఒక మనవి. రిసార్టు కట్టే ముందు రేవులో మరుగుదొడ్డి కట్టండి. ఆడవాళ్ళతో, ముసలివాళ్ళతో వచ్చే కుటుంబానికి అదే మొదటి అవసరం. అది లేకపోతే మడచెట్ల చాటుకే వెళ్తారు, తప్పు వాళ్ళది కాదు. రెండోది, పడవ నడిపేవారికి, గైడ్లకు శిక్షణ, గుర్తింపు కార్డు, నెలకింత అని నమ్మకమైన రాబడి. రాబడి లేని చోట చాదస్తంగా నిజాయితీ ఆశించకూడదు. మూడోది, తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలల్లో సాయంత్రం తరవాత తీరం మీదికి ఎవరినీ వదలకూడదు. ఎంత పెద్దవారి కారైనా సరే.

శ్రోతలారా, వచ్చే కార్తీకంలో వనభోజనాలకు వస్తారు. మాఘపూర్ణిమకు సంగమ స్నానానికి వస్తారు. తప్పకుండా రండి. దివిసీమ మీకోసం ఎదురుచూస్తుంది. వచ్చినప్పుడు మూడు పనులు చేయండి. మిగిలిన తిండి, ఖాళీ సీసా మీతో వెనక్కి తీసుకెళ్ళండి. జాకెట్ లేని పడవ ఎక్కకండి. పొద్దు వాలకముందే ఇసుక దిగి వచ్చేయండి. మరొక్కసారి చెబుతున్నాను: తిండీ సీసా వెనక్కి, ఒంటి మీద జాకెట్, పొద్దు వాలకముందే తిరుగుముఖం. పడవ ఎక్కగానే సరంగును, "అన్నా, ఇక్కడ మేము ఏం చేయకూడదు?" అని మీరే ముందు అడగండి. అలా అడిగేవారు పదిమంది వస్తే, మరునాటి నుంచి ఆయన తనంతట తనే అందరికీ చెప్పడం మొదలుపెడతాడు.